గ్రహాలు ఒక రాశిలో చేరితే భూమి కంపిస్తుందా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గ్రహ కూటములు, భూకంపాల మీద వచ్చిన ఉత్తరాలను ఒక్కచోట చేర్చి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట ఒకరి ఉత్తరమే వేశాం. కొన్ని జవాబుల్లో లెక్కలున్నాయి, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదివితే మేలు.

ప్రశ్న: 2025 ఉగాదికి ముందు రోజు, మార్చి 29న, మీనరాశిలో షడ్గ్రహ కూటమి అనీ, ప్రకృతి విపత్తులు తప్పవనీ టీవీల్లో తెగ చెప్పారు. సరిగ్గా ముందు రోజు మయన్మార్ అతలాకుతలమైంది. ఇంత జరిగాక కూడా సంబంధం లేదంటే ఎలా నమ్మేది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ ఆరుగురూ ఎవరో చూద్దాం. సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, శని, రాహువు. వీళ్లలో రాహువు గోళమే కాదు. చంద్రుడి కక్ష్య సూర్యుడి దారిని దాటే బిందువు, అంతే. బరువు సున్నా. సూర్యచంద్రులు ప్రతి అమావాస్యకూ ఒకే దిక్కున ఉంటారు, అమావాస్య అంటేనే అది. బుధుడు సూర్యుడి నుంచి 28 డిగ్రీలకు మించి, శుక్రుడు 47 డిగ్రీలకు మించి ఎన్నడూ దూరం పోరు. అంటే ఆరుగురిలో నలుగురు ప్రతి అమావాస్యకూ ఇరుగుపొరుగే. ఇక శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు మకాం వేస్తాడు, మిగతావాళ్లు ఆ దారినే వస్తూ పోతూ ఉంటారు. కూటమి అనగానే ఏదో అపూర్వం అనిపిస్తుంది గానీ, ఇలా విడదీసి చూస్తే అంత అరుదేమీ కాదు.

పైగా ఒకే రాశిలో ఉండటమంటే మన కంటికి ఒకే వైపు కనిపించడం, అంతకు మించి ఏమీ లేదు. ఆ రోజు శుక్రుడు మనకు 4 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాడు. బుధుడు దాదాపు 9 కోట్లు, సూర్యుడు దాదాపు 15 కోట్లు. శని సూర్యుడికి అవతలి పక్కన, సుమారు 158 కోట్ల కిలోమీటర్ల దూరంలో.

ఇప్పుడు భూమి సంగతి. మయన్మార్ నడిమధ్య ఉత్తరం నుంచి దక్షిణానికి సగాయింగ్ ఫాల్ట్ అనే పొడవైన పగులు ఉంది. దాని రెండు వైపులా ఉన్న నేల ఏడాదికి 18–20 మిల్లీమీటర్ల చొప్పున ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరగాలి. జరగకుండా పట్టేసుకుంటుంది. మాండలే దగ్గరి భాగం అంతకుముందు పెద్దగా కదిలింది 1839లో అని అంచనా. 186 ఏళ్లను 18–20 మిల్లీమీటర్లతో గుణిస్తే 3.3 నుంచి 3.7 మీటర్ల బాకీ తేలుతుంది. 2025 మార్చి 28న అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12:50కి, తీవ్రత 7.7తో, ఆ బాకీ ఒక్కసారిగా తీరింది. ఓ సౌర విద్యుత్ కేంద్రం గేటు దగ్గరి నిఘా కెమెరాకు ఆ క్షణం చిక్కింది. క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా కొలిచారు. 1.3 సెకన్లలో అవతలి వైపు నేల చెట్టూచేమలతో సహా 2.5 మీటర్లు పక్కకు జరిగిపోయింది.

ఇది జ్యోతిషులకే తెలిసిన రహస్యమూ కాదు. పాత భూకంపాల స్థానాలను మళ్లీ లెక్కగట్టి, సగాయింగ్ ఫాల్ట్ మీద చాలాకాలంగా కదలని రెండు ఖాళీలున్నాయనీ, మధ్య మయన్మార్‌లోని ఖాళీలో 7.9 దాకా తీవ్రత రావచ్చనీ 2011లోనే ఒక పరిశోధన పత్రం వచ్చింది. చోటు చెప్పింది, స్థాయి చెప్పింది. తేదీ చెప్పలేదు, ఎందుకంటే చెప్పే పద్ధతి ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. షడ్గ్రహ కూటమి హెచ్చరికల్లో ఇది తిరగబడి ఉంటుంది: తేదీ ఉంటుంది, చోటు ఉండదు. మయన్మార్ అన్న పేరు భూకంపం వచ్చాకే అందులో చేరింది.

ప్రశ్న: గురువు భూమి కన్నా 318 రెట్లు బరువు. అంత పెద్ద గ్రహం ఆకర్షణ మన మీద అసలు పనిచేయదనడం న్యాయమేనా? లెక్క చూపించండి.
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: లెక్కే చూద్దాం. ఈ విషయంలో ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. ఆకర్షణ బలం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని బడిలో చదివాం. ఆ సూత్రంతో లెక్కిస్తే గురువు అతి దగ్గరగా ఉన్నప్పుడు మనల్ని లాగే బలం చంద్రుడి బలంలో సుమారు 1 శాతం వస్తుంది. ఒక శాతమంటే తక్కువేం కాదే అనిపిస్తుంది. కానీ ఆ బలం భూమినంతటినీ ఒక్కలాగే లాగుతుంది, రాయి మీద దానివల్ల ఒత్తిడి పుట్టదు. భూమిని సాగదీసేది దగ్గరి వైపుకూ దూరపు వైపుకూ పడే లాగుడులో ఉన్న తేడా. ఆ తేడా దూరం ఘనానికి విలోమం. సముద్రంలో పోటుపాట్లు తెచ్చేదీ ఇదే. నమ్మకం కుదరకపోతే సూర్యుణ్ణి చూడండి. మామూలు ఆకర్షణలో సూర్యుడు చంద్రుడికి దాదాపు 179 రెట్లు, పోటు తేవడంలో మాత్రం చంద్రుడిలో సగం కూడా కాదు, 0.46 వంతు.

కాబట్టి సూత్రం ఇది: గ్రహం బరువు చంద్రుడికి ఎన్ని రెట్లో రాసుకోండి. దాని దూరం చంద్రుడి దూరానికి, అంటే 3,84,400 కిలోమీటర్లకు, ఎన్ని రెట్లో చూసి ఘనం చేయండి. మొదటి అంకెను రెండోదానితో భాగించండి.

శుక్రుడు: బరువు 66 రెట్లు. దగ్గరికొచ్చినప్పటి సగటు దూరం 4.14 కోట్ల కి.మీ., అంటే 108 రెట్లు (అంకె చూసి ఎవరూ జపం మొదలుపెట్టకండి). 108 ఘనం సుమారు 12.6 లక్షలు. 66ను దానితో భాగిస్తే చంద్రుడి ప్రభావంలో 19,000వ వంతు. గురువు: బరువు 25,800 రెట్లు, దూరం 59 కోట్ల కి.మీ., అంటే 1,535 రెట్లు, ఘనం సుమారు 362 కోట్లు. ఫలితం 1,40,000వ వంతు. కుజుడు అతి దగ్గరికొచ్చినా మూడున్నర లక్షల వంతులో ఒకటి, శని 40 లక్షల వంతులో ఒకటి. బరువులో ఎక్కడా పోలిక లేని శుక్రుడు దగ్గరగా ఉండటం వల్లే గురువును దాటేశాడని గమనించండి. ఘనం చేసే పని అది.

ఇప్పుడు అన్ని గ్రహాలూ ఒకేసారి అతి దగ్గరికి వచ్చి ఒకే గీత మీద నిలిచాయనుకుందాం. నిజానికి అలా నిలవవు, బుధుడి కక్ష్య 7 డిగ్రీలు, శుక్రుడిది 3.4 డిగ్రీలు, శనిది 2.5 డిగ్రీలు ఒరిగి ఉంటాయి. అయినా అనుకుందాం. మొత్తం కలిపితే చంద్రుడి ప్రభావంలో దాదాపు 15,600వ వంతు. చంద్రుడు మనకు ఎనిమిది కిలోమీటర్లు దగ్గరికి జరిగితే వచ్చే తేడా అంత. చంద్రుడు ప్రతి రెండు వారాలకూ సుమారు 42,000 కిలోమీటర్లు దగ్గరవుతూ దూరమవుతూ ఉంటాడు, సగటున రోజుకు 3,000. అంటే నవగ్రహాల మహా కూటమి మొత్తం ఫలితాన్ని చంద్రుడు నాలుగు నిమిషాల్లో ఇచ్చేసి వెళ్లిపోతాడు. రోజూ.

ఒత్తిడి లెక్కలో కావాలంటే: సూర్యచంద్రుల వల్ల నేలలోపలి రాళ్ల మీద పడే ఒత్తిడి మహా అయితే 4 కిలోపాస్కల్స్. ఆ లెక్కన గురువు వల్ల పడేది 0.03 పాస్కల్. బల్ల మీద పరిచిన ఒక్క జిరాక్సు కాగితం మోపే ఒత్తిడే 0.8 పాస్కల్ దాకా ఉంటుంది, అందులో పాతికో వంతు. మన కోస్తాను తీవ్ర తుఫాను దాటేటప్పుడు గాలి ఒత్తిడి 40–50 హెక్టోపాస్కల్స్ పడిపోతుంది, అంటే 4–5 కిలోపాస్కల్స్. గురువు వల్ల భూకంపాలు రావాలంటే ప్రతి తుఫానుకూ బందరు, బాపట్ల లక్షసార్లు ఊగాలి.

ప్రశ్న: గ్రహాల సంగతి వదిలేయండి. అమావాస్య, పౌర్ణముల మాటేమిటి? 1934 బిహార్ భూకంపం అమావాస్య. 1993 కిల్లారి పౌర్ణమి. 1997 జబల్‌పూర్ పౌర్ణమి. 2004 సునామీ పౌర్ణమి. 2023 తుర్కియే పౌర్ణమి మరునాడు. మయన్మార్ అమావాస్య ముందు రోజు. ఇదంతా కాకతాళీయమా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో గట్టి ప్రశ్న ఇదే. మీ తేదీలన్నీ సరైనవే. ఇంకో మాట మేమే కలుపుతాం: మయన్మార్ భూకంపం నాటికి చంద్రుడు భూమికి బాగా దగ్గరగా కూడా ఉన్నాడు, మార్చి 30న దూరం దాదాపు 3,58,000 కి.మీ. కాబట్టి తోసిపుచ్చకుండా చూడాల్సిందే.

మొదట జాబితా. మీరు రాసినవాటి పక్కన రాయనివి పెట్టండి. 1967 కోయినా, శుద్ధ అష్టమి దాటి పౌర్ణమికి ఇంకా అయిదారు రోజులుంది. 2005 కశ్మీర్, అమావాస్య దాటి అయిదు రోజులు. 2011 జపాన్, దాదాపు అష్టమి. 2015 నేపాల్, సప్తమి–అష్టమి. 2023 మొరాకో, కృష్ణపక్షంలో అష్టమి దాటాక. వీటికి తిథి ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఎందుకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. గుర్తుండేవి మాత్రమే జాబితాకెక్కుతాయి.

తరవాత 'దగ్గర' అన్న మాట. చాంద్రమాసం 29.5 రోజులు. అమావాస్యకూ పౌర్ణమికీ ఇటు రెండు, అటు రెండు రోజులు కలుపుకుంటే నెలలో 10 రోజులు, 34 శాతం. మూడేసి రోజులు కలిపితే 14 రోజులు, 47 శాతం. అంటే చంద్రుడికి ఏ సంబంధమూ లేకపోయినా భూకంపాల్లో దాదాపు సగం 'అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కలే' రావాలి. 2011 జపాన్ భూకంపాన్ని ఎనిమిది రోజుల తరవాత వచ్చిన సూపర్‌మూన్‌కు (చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్నప్పటి పౌర్ణమికి) అంటగట్టినవాళ్లూ ఉన్నారు. ఎనిమిదేసి రోజులు కలుపుకుంటే నెలంతా వచ్చేస్తుంది.

ఇక అసలు పరిశోధన. అమెరికా భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త సూసన్ హఫ్ 1600 నుంచి నమోదైన 8, ఆ పైన తీవ్రత గల 204 భూకంపాలను తీసుకుని, అవి ఏడాదిలో ఫలానా రోజున గానీ, చాంద్రమాసంలో ఫలానా దశలో గానీ ఎక్కువగా వస్తాయా అని 2018లో పరీక్షించారు. ఆ పత్రం సారాంశం మొత్తం ఒకే ఒక్క మాట: 'లేదు'. ఇంత పొదుపైన సారాంశం శాస్త్ర పత్రికల్లో అరుదు.

అయితే కథ అక్కడితో ముగియదు. 2016లో జపాన్ పరిశోధకులు తిథి చూడటం మానేసి, ఒక్కో భూకంపం వచ్చిన పగులు మీద ఆ సమయానికి పోటు ఒత్తిడి ఎంత, ఏ దిశలో పడిందో లెక్కగట్టారు. 2004 సుమత్రా, 2010 చిలీ, 2011 జపాన్ వంటి అతి పెద్ద భూకంపాలు పోటు ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజుల్లో రావడం యాదృచ్ఛికంగా రావాల్సినదానికన్నా కొంచెం ఎక్కువని తేలింది. అంతకుముందు 2004లో, సముద్రపు అంచుల్లో భూమి పైపొర ముక్క (పలక) ఒకటి ఇంకోదాని కిందికి దూరే చోట్ల, పోటు బాగా బలంగా ఉన్నప్పుడు తక్కువ లోతు భూకంపాలు పెరుగుతాయని ఇంకో బృందం చూపింది. అక్కడ రాయి మీది పోటుకు తోడు సముద్రపు నీటి బరువు కూడా పడుతుంది, అందుకే పట్టుబడింది. కాబట్టి చంద్రుడి ప్రభావం సున్నా అనం. ఉంది, చాలా స్వల్పం, కొన్ని చోట్ల మాత్రమే కనిపిస్తుంది.

ఎందుకంత స్వల్పం? భూకంపంలో విడుదలయ్యే ఒత్తిడి సాధారణంగా 1 నుంచి 10 మెగాపాస్కల్స్, పోటు ఒత్తిడి దానిలో వెయ్యో వంతు స్థాయి. కానీ ఇక్కడో తిరకాసుంది. పలకల కదలిక వల్ల ఒత్తిడి నిదానంగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. పోటు ఒత్తిడి ఆరు గంటల్లో పెరిగి ఆరు గంటల్లో దిగిపోతుంది, గంట లెక్కన చూస్తే పోటు వేగమే ఎక్కువ. మరి తెగే దశకు వచ్చిన ప్రతి పగులూ పోటు సమయానికే తెగాలి కదా? తెగదు. ప్రయోగశాలలో రాళ్లను నొక్కి చూసినవాళ్లు చెప్పే కారణం ఇది: పగులు జారడం ఒక్క క్షణంలో మొదలవదు. చిన్న భాగంలో నెమ్మదిగా జారి, ఊపందుకుని, తరవాతే తెగుతుంది. ఆ సన్నాహానికి పోటుపాట్ల చక్రం కన్నా ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, మధ్యలో వచ్చి పోయే పోటు దాన్ని పెద్దగా కదపలేదు.

మీరు పంచాంగం దగ్గర పెట్టుకుని తిథులు సరిచూశారు కాబట్టి ఇంకొక్కటి చేయండి. 7 దాటిన భూకంపాలన్నిటినీ, మినహాయింపు లేకుండా, ఒక పదేళ్లవి తీసుకుని తిథులు రాయండి. ప్రతిపద నుంచి అమావాస్య దాకా పరుచుకుని కనిపిస్తాయి.

ప్రశ్న: 1962లో అష్టగ్రహ కూటమి వచ్చినప్పుడు ఊళ్లో హోమాలు చేశారని మా అమ్మమ్మ చెప్పేది. అప్పుడు ఏమైనా జరిగిందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 1962 ఫిబ్రవరి 3–5 తేదీల్లో మకరరాశిలో ఏడు గ్రహాలకు కేతువు తోడై ఎనిమిదయ్యాయి. 5న అమావాస్య, సూర్యగ్రహణం కూడా. దేశమంతా యజ్ఞాలు, హోమాలు జరిగాయి. ప్రళయం రాలేదు.

ఈ భయం మనకే పరిమితం కాదు. 1974లో జాన్ గ్రిబిన్, స్టీఫెన్ ప్లేజ్‌మన్ అనే ఇద్దరు 'ద జూపిటర్ ఎఫెక్ట్' అనే పుస్తకం రాసి, 1982లో గ్రహాలన్నీ సూర్యుడికి ఒకే పక్కకు చేరినప్పుడు కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ తెగవచ్చన్నారు. వాళ్ల గొలుసు పెద్దది: గ్రహాలు సూర్యుణ్ణి సాగదీస్తాయి, మచ్చలు పెరుగుతాయి, సౌరపవనం మన వాతావరణాన్ని తాకుతుంది, భూభ్రమణం కొంచెం తడబడుతుంది, పగులు తెగుతుంది. ఒక్కో మెట్టూ బలహీనమే. 1982 మార్చి 10న గ్రహాలు 95 డిగ్రీల మేర పరుచుకుని ఉన్నాయి, అంటే ఆకాశంలో పావు వంతు పైన. దాన్ని వరస అనడమే ఉదారం. లాస్ ఏంజెలెస్ నిక్షేపంగా ఉంది. ఆ రోజు రాకముందే, 1980లోనే, గ్రిబిన్ తన వాదనను వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తీసుకున్న మాట మాత్రం పుస్తకమంతగా అమ్ముడుపోలేదు. 2000 మే 5 కూటమికీ ఇదే హడావుడి, ఇదే ఫలితం.

ప్రశ్న: తుర్కియే భూకంపాన్ని మూడు రోజుల ముందే చెప్పిన డచ్ ఆయన వీడియోలు మా వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరుగుతున్నాయి. మేమున్నది భూకంపాల ప్రాంతం, పిల్లలు భయపడుతున్నారు. ఇలాంటి జోస్యాలు నిజమో కాదో మాలాంటివాళ్లు ఎలా పరీక్షించాలి?
– ఒక తెలుగు కుటుంబం, కాలిఫోర్నియా

జవాబు: ఆయన పేరు ఫ్రాంక్ హూగర్‌బీట్స్. 2023 ఫిబ్రవరి 3న ఆయన రాసింది ఇది: ఎప్పుడో ఒకప్పుడు దక్షిణ మధ్య తుర్కియే, జోర్డాన్, సిరియా, లెబనాన్ ప్రాంతంలో సుమారు 7.5 తీవ్రతతో భూకంపం వస్తుంది. 'ఎప్పుడో ఒకప్పుడు' అన్న మాట చూడండి. తూర్పు అనటోలియా ఫాల్ట్ మీద పెద్ద భూకంపం ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆ దేశపు భూవిజ్ఞానులు చాలా ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. వాట్సాప్‌లోకి వచ్చేసరికి ఆ మాట ఊడిపోయి 'మూడు రోజుల ముందే' అయింది.

పరీక్షించడానికి మీకు ఓ ఎక్సెల్ షీటు చాలు.

జోస్యం వచ్చిన రోజే రాసిపెట్టండి. నాలుగు గడులు: ఎక్కడ (ఎన్ని కి.మీ. పరిధిలో), ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, తీవ్రత కనీసం ఎంత, రాకపోతే తప్పని ఒప్పుకుంటారా. ఒక్క గడి ఖాళీగా ఉన్నా దాన్ని 'జోస్యం కాదు' అని పక్కన పెట్టండి. ఈ దశలోనే చాలావరకు రాలిపోతాయి.

గడువు ముగిశాక అమెరికా భూవిజ్ఞాన సర్వే, అంటే యూఎస్‌జీఎస్, భూకంపాల జాబితాలో వెతకండి. తేదీలు, కనీస తీవ్రత ఇస్తే ఉచితంగా షీటు రూపంలో దిగుతుంది. ఇక్కడ మూడు చోట్ల జారిపడతారు. ఒకటి, అందులో సమయం యూటీసీలో, అంటే మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ కాలమానంలో ఉంటుంది. 1999 చమోలీ భూకంపం మనకు మార్చి 29 అర్ధరాత్రి దాటాక 12:35, జాబితాలో మార్చి 28. తేదీ మారితే తిథి మారుతుంది, 'హిట్' మారుతుంది. రెండు, ఒక పెద్ద భూకంపం వెనక పదుల సంఖ్యలో అనంతర ప్రకంపనలు వస్తాయి. వాటిని విడివిడిగా లెక్కిస్తే ఒక్క విజయం యాభై విజయాలవుతుంది, ప్రధాన భూకంపాన్నే ఉంచండి. మూడు, పాత దశాబ్దాల్లో భూకంపాలను నమోదుచేసే కేంద్రాలు తక్కువ కాబట్టి చిన్నవి నమోదు కాలేదు. 1950కీ ఇప్పటికీ 5 తీవ్రతవి పోల్చి 'పెరిగిపోతున్నాయి' అనకండి.

తరవాత అసలైన పని, గ్రహాల ఊసు లేకుండా గుడ్డిగా చెబితే ఎన్ని తగులుతాయో చూడటం. ప్రపంచంలో ఏటా 7 దాటినవి సుమారు 15 వస్తాయి, 6 దాటినవి సుమారు 140 అనుకోండి. ఏ మూడు రోజులు తీసుకున్నా ఎక్కడో ఒకచోట 6 దాటింది కనీసం ఒకటి వచ్చే అవకాశం 68 శాతం. 7 దాటింది వచ్చే అవకాశం 12 శాతం. 12 శాతమే కదా అంటారా, ఏడాదికి పదిసార్లు అలా చెప్పండి. కనీసం ఒక్కటి తగిలే అవకాశం 70 శాతం దాటుతుంది. ఆ ఒక్కదాని వీడియోనే మీ గ్రూపుకు వస్తుంది, మిగతా తొమ్మిది రావు.

చివరగా రెండు వరసలు కూడండి. చెప్పి వచ్చినవి, చెప్పి రానివి. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు, చెప్పకుండా వచ్చినవి. మూడు అంకెలూ పక్కపక్కన చూపించని ఏ విజయశాతాన్నీ పట్టించుకోవద్దు.

పిల్లల భయం సంగతి వేరు. మీరున్నచోట పగులు నిజం, భూకంపం రావడమూ నిజమే. వాళ్లకు తేదీలు చెప్పకుండా బల్ల కిందికి దూరి బల్ల కాలు పట్టుకుని కూర్చోవడం నేర్పండి. బడిలో నేర్పే ఉంటారు, మీకంటే వాళ్లకే బాగా తెలిసి ఉండొచ్చు.

ప్రశ్న: వరాహమిహిరుడు బృహత్సంహితలో నక్షత్రాలను బట్టి భూకంపాలు చెప్పాడంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ గ్రంథంలో భూకంప లక్షణాల మీద ఒక అధ్యాయం ఉన్న మాట నిజం. నక్షత్రాలను వాయు, అగ్ని, ఇంద్ర, వరుణ మండలాలుగా పంచి, ఏ నక్షత్రం రోజున భూమి కంపిస్తే తరవాత ఏ ఫలితం వస్తుందో అందులో చెప్పాడు. అంటే భూకంపం అక్కడ శకునం, దాన్ని చూసి రాబోయే మంచిచెడ్డలు చెప్పడం ఉద్దేశం. ఇప్పటి టీవీ జోస్యాలు ఆ వరసను తిప్పేసి, ఆయన పేరు వాడుకుంటున్నాయి.

ప్రశ్న: 2024 డిసెంబరు 4న ములుగు భూకంపం వచ్చింది. రెండు రోజులకే గురువు భూమికి అతి దగ్గరగా వచ్చాడు. మా ఇల్లు స్టిల్టు పార్కింగు మీద నాలుగంతస్తులు. మళ్లీ గురువు దగ్గరకొచ్చినప్పుడు జాగ్రత్త పడాలా?
– ఒక పాఠకురాలు, కొత్తగూడెం

జవాబు: గురువు దాదాపు 13 నెలలకోసారి దగ్గరకొస్తాడు. 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలం భూకంపానికీ ములుగు భూకంపానికీ మధ్య దాదాపు యాభైసార్లు వచ్చి వెళ్లాడు, మధ్యలో గోదావరి లోయలో ఆ స్థాయిది రాలేదు. అక్కడ కారణం నేల కిందే ఉంది. కోట్ల ఏళ్ల కిందట భూమి పొర చీలి, మధ్య భాగం కుంగి, బొగ్గు పొరలతో నిండిన పల్లం మీ ప్రాంతం. సింగరేణి బొగ్గు అందులోదే. ఆ పాత పగుళ్లు భారత పలక మీద పడే ఒత్తిడికి అప్పుడప్పుడూ కదులుతాయి. ములుగుది 5.3 తీవ్రత, ఉదయం 7:27కి, 40 కి.మీ. లోతున. లోతు ఎక్కువ కాబట్టే హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసినా నష్టం పెద్దగా లేదు.

జాగ్రత్త పడాల్సింది మాత్రం నిజమే, గురువు కోసం కాదు, మీ స్టిల్టు కోసం. కింద గోడల్లేకుండా స్తంభాలు మాత్రమే ఉండి, పైన ఇటుక గోడలతో గట్టిగా ఉన్న ఇల్లు ఊగితే, వంగాల్సిందంతా కింది స్తంభాల దగ్గరే వంగుతుంది. 2001లో భుజ్ భూకంపానికి అహ్మదాబాద్‌లో కూలిన అపార్టుమెంట్లలో ఇలాంటివి చాలా. ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి మూడు సంగతులు చూపించుకోండి. స్తంభాల పై చివర, కింది చివర రింగులు ఎంత దగ్గరగా వేశారు, అక్కడ 100 మిల్లీమీటర్లకు మించకూడదు. రింగుల కొనలు 135 డిగ్రీలు లోపలికి వంచారా లేదా. చాలాచోట్ల మేస్త్రీలు సులువుగా ఉంటుందని 90 డిగ్రీలకే వదిలేస్తారు. పైనున్న కాంక్రీటు పెచ్చు ఊడగానే ఆ కొన తెరుచుకుని, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, స్తంభం నలిగిపోతుంది. కట్టేశాక ఇది కంటికి కనిపించదు, నిర్మాణ సమయంలో తీసిన ఫొటోలుంటే అవే ఆధారం. మూడోది, పార్కింగులో స్తంభాల మధ్య కొన్ని గళ్లలో, రెండు దిశల్లోనూ, కాంక్రీటు గోడలు గానీ ఇనుప ఏటవాలు కట్లు గానీ వేయడానికి వీలుందా. సాధారణంగా కార్లు తిరగడానికి అడ్డం రాని గళ్లు రెండు మూడైనా దొరుకుతాయి.

ఇంట్లో చేసుకునేవి చిన్నవి. బీరువాను గోడకు బిగించండి. అటక మీది ఇత్తడి బిందెలు, గుండిగలు దించి కింద పెట్టండి. మంచం తలవైపు బరువైన పటాలు ఉంచకండి. డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, దాని కింద ఇటుక పేర్చి నిలబెట్టి ఉంటే ముందు అది మార్పించండి.

ప్రశ్న: ఫోనులో భూకంపం అలర్టు వస్తుందంటున్నారు. ముందే చెప్పలేమన్నారు కదా, మరి ఇదెలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అది జోస్యం కాదు, మొదలైన భూకంపం సమాచారం. పగులు తెగగానే రెండు రకాల అలలు బయల్దేరతాయి. మొదటిది సెకనుకు సుమారు 6 కి.మీ. వేగంతో వస్తుంది, పెద్దగా నష్టం చేయదు. ఊపేసే రెండోది సుమారు 3.5 కి.మీ. ములుగు కేంద్రం నుంచి మీకు 200 కి.మీ. పైనే. మొదటి అల 35 సెకన్లకు, రెండోది నిమిషానికి చేరుతుంది. కేంద్రం దగ్గరి ఫోన్లు మొదటి అలను పట్టుకుని సర్వరుకు చెబితే, ఆ సమాచారం మీకు అలకన్నా ముందే అందవచ్చు. కేంద్రం పక్కనే ఉన్న తాడ్వాయి, మేడారం వాళ్లకు మాత్రం అలర్టూ అలా దాదాపు ఒకేసారి వస్తాయి, వాళ్లకు దీని ఉపయోగం తక్కువ.

ఆండ్రాయిడ్ ఫోనులో ఈ సౌకర్యం మన దేశంలో 2023 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' తెరిచి 'ఎర్త్‌క్వేక్ అలర్ట్స్' ఆన్ చేయండి. లొకేషన్, ఇంటర్నెట్ రెండూ ఆన్‌లో లేకపోతే అలర్టు రాదు. రాత్రిపూట డేటా ఆపేసి పడుకునే అలవాటుంటే మానుకోవాలి.